ఏడాదిన్నరైనా ఇంకా అలంకారాలేనా? ప్రొద్దుటూరు నుంచి అడిగిన తల్లిగారికి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. పాపకు పదేళ్లు. ఏడాదిన్నరగా వారానికి రెండు రోజులు గాత్రం క్లాసుకు వెళ్తోంది, ఇప్పటికీ అలంకారాల్లోనే, అంటే తాళాలకు కట్టిన తొలి స్వర పాఠాల్లోనే ఉంది. పై స్థాయికి వెళ్తే గొంతు చీలుతోంది, క్లాసు ఉన్న రోజు సాయంత్రానికి బొంగురుపోతోంది. పక్కింటి పిల్లకు ఆన్‌లైన్‌లో ఏడాదికే పది కీర్తనలు వచ్చాయి. టీచరును మార్చాలా, చెన్నై వైపు చూడాలా, అన్నమయ్య పోటీకి ఒక కీర్తనైనా నేర్పించమని అడగొచ్చా? పదమూడేళ్ల బాబు గొంతు మారుతోంది, వాణ్ణి క్లాసు మాన్పించాలా?

టీచరును ఇప్పుడే మార్చకండి. వారానికి రెండు క్లాసులు జరిగే చోట ఏడాదిన్నరకు అలంకారాల్లో ఉండటం ఆలస్యమేమీ కాదు. మీరు రాసినదాంట్లో నాకు కంగారు పుట్టించింది బొంగురు ఒక్కటే. దాని సంగతి ముందు చూద్దాం, కీర్తనల లెక్క తర్వాత.

గుంపు క్లాసుల్లో పిల్లలందరికీ ఒకే శ్రుతి, అంటే షడ్జమం (స) నిలిపే ఎత్తు, పెడతారు. హార్మోనియం లెక్కలో సి ఒకటి, డి రెండు, ఎఫ్ నాలుగు, జి ఐదు, ఎ ఆరు. మధ్యనున్న నల్ల మెట్లు అర శ్రుతులు. ఆడపిల్లలకు సాధారణంగా ఐదుకూ ఆరుకూ మధ్య కుదురుతుంది. గొంతు మారిన మగవాళ్లకు ఒకటి నుంచి రెండున్నర. మీ పాప క్లాసులో ఆరు అన్నారు. ఆరు శ్రుతిలో తారస్థాయి, అంటే పై స్థాయి షడ్జమమే 440 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది, దాని పైన రిషభం, గాంధారం. గొంతు బిగించకుండా ఆ జాగాకు వెళ్లడం ఇంకా తెలియని పిల్ల అరిచి అందుకుంటుంది. పక్కన పదిమంది పాడుతుంటే తన గొంతు తనకు వినపడక ఇంకా గట్టిగా అరుస్తుంది. సాయంత్రం బొంగురు అక్కడిదే అయివుంటుంది.

సరైన శ్రుతి తేల్చడానికి సంగీతం రానివాళ్లకు కూడా ఒక పద్ధతి ఉంది. పొద్దున కాకుండా మధ్యాహ్నం, గొంతు కొంచెం వాడుకలోకి వచ్చాక, తంబూరా యాప్‌ను ఐదులో పెట్టండి. పాప షడ్జమం నుంచి కిందికి, స ని ద ప అని మంద్ర (కింది స్థాయి) పంచమం దాకా దిగాలి. ఆ పంచమం గాలి కలిసిన గరగరలా కాక, నెమ్మదిగానైనా స్వరంలా వినపడాలి. తర్వాత పైకి, తారస్థాయి గాంధారం దాకా. అక్కడ గడ్డం పైకి లేస్తున్నా, మెడ నరాలు తేలుతున్నా శ్రుతి ఎక్కువైనట్టే. కింద వినపడక పైన సుఖంగా ఉంటే ఐదున్నరకు పెంచండి, పైన కష్టమైతే నాలుగున్నరకు దించండి. తేలిన శ్రుతిలోనే ఇంట్లో సాధన చేయించండి. క్లాసులో మాత్రం పై స్థాయి వరసలు వచ్చినప్పుడు గొంతు తగ్గించి పాడే వీలివ్వమని టీచరును అడగండి. అడిగితే కాదనే టీచరు తక్కువ.

తంబూరాను ఫోను స్పీకరులోనే వినిపిస్తుంటే అది చాలదు. ఐదు శ్రుతిలో మంద్ర షడ్జమం తీగ 98 హెర్ట్జ్. అంత చిన్న స్పీకరు దాన్ని సరిగా పలికించలేదు, పిల్ల చెవికి ఆ నాదంలోని పై భాగమే అందుతుంది. మామూలు బ్లూటూత్ స్పీకరుకు కలిపి, పాపకు రెండు మూడడుగుల దూరంలో పెట్టండి. ఫ్రిజ్ ఉన్న గదిలో సాధన వద్దు. మన కరెంటు 50 సైకిళ్లది కాబట్టి ఫ్రిజ్, పాత ట్యూబులైటు చోకు 100, 200 హెర్ట్జ్‌ల దగ్గర మోగుతాయి. ఐదు శ్రుతి షడ్జమం 196. ఆ నాలుగు హెర్ట్జ్‌ల తేడా చెవిలో కొట్టుకుంటూ ఉంటుంది, శ్రుతి నిలవని పిల్లను ఇంకా కలవరపెడుతుంది. చాదస్తంలా అనిపిస్తే ఒకసారి ఫ్రిజ్ ఆపి పాడించి చూడండి.

ఇక అలంకారాలు. అవి అయిపోయాయా లేదా అనేది పుస్తకంలో ఎన్నో పేజీ అన్నదాన్ని బట్టి తెలియదు. మొదటి సరళీ స్వరంతోనే తెలుస్తుంది. స రి గ మ ప ద ని స, స ని ద ప మ గ రి స మొత్తం పదహారు స్వరాలు. ఆదితాళం ఎనిమిది అక్షరాలు: ఒక లఘువు నాలుగు, రెండు ద్రుతాలు నాలుగు. మొదటి కాలంలో (వేగంలో) అక్షరానికి ఒక స్వరం కాబట్టి రెండు ఆవర్తాలు, అంటే తాళం రెండు చుట్లు పడుతుంది, రెండో కాలంలో ఒక ఆవర్తం. మూడో కాలంలో నాలుగు అక్షరాల్లోనే, అంటే లఘువు అయ్యేసరికే పూర్తవుతుంది. అందుకే మూడో కాలం రెండుసార్లు పాడితేనే సమానికి, అంటే తాళం మొదటి దెబ్బకు వస్తుంది. ఈ లెక్క వేళ్ల మీద తెలియని పిల్లలు మూడో కాలంలో చెయ్యి ఆపేసి నోటితో పరుగెత్తుతారు. వినేవాళ్లకు వేగం వచ్చేసింది అనిపిస్తుంది. నిజానికి తాళం పోయింది.

మెట్రోనోమ్‌ను (లయ కొట్టే యాప్‌ను) నిమిషానికి 60కి పెట్టి, చెయ్యి వేస్తూ, మూడు కాలాలూ ఆపకుండా వరసగా పాడించండి. మూడో కాలంలో స్వరాలు ఒకదాన్నొకటి మింగేస్తుంటే మూడో కాలాన్ని ఒక్కదాన్నే నెమ్మది చేయకండి, అది పిల్లలకు చాలా తొందరగా అలవాటవుతుంది. మొత్తం 45కు దించి మూడూ మళ్లీ పాడించాలి. అక్కడ నిలిచాక వారానికి నాలుగైదు చొప్పున పెంచుకుంటూ రండి.

చెయ్యి కూడా గమనించండి. లఘువులో దెబ్బ వేశాక చిటికెనవేలు, ఉంగరపు వేలు, మధ్యవేలు. ఝంపతాళం వచ్చేసరికి చాలామంది ఇక్కడే తప్పుతారు. దానిది మిశ్రజాతి లఘువు, ఏడు అక్షరాలు. దెబ్బ తర్వాత చిటికెన నుంచి బొటనవేలి దాకా ఐదు వేళ్లూ అయ్యాక మళ్లీ చిటికెనవేలు రావాలి. ఆ ఆరో లెక్క మర్చిపోయి తర్వాతి అనుద్రుతం (ఒక్క అక్షరం దెబ్బ) వేసేస్తారు, పది అక్షరాల తాళం తొమ్మిదవుతుంది. తప్పు స్వరంలో ఉందనుకుని స్వరాన్నే పదిసార్లు దిద్దుతూ ఉంటారు, తప్పేమో వేలిలో ఉంటుంది.

శ్రుతి పరీక్ష దీనికన్నా సులభం. తంబూరా పెట్టి పాప ఏదో ఒక అలంకారం పాడుతుండగా శబ్దాన్ని పూర్తిగా తగ్గించేయండి. ఇరవై సెకన్లు ఆగి, తను షడ్జమం మీదకు వచ్చిన క్షణంలో పెంచండి. రెండూ కలిసిపోతే శ్రుతి కుదిరింది. తను కిందికి జారిపోయి ఉంటే అలసట, ఊపిరి చాలకపోవడం. పైకి ఎక్కి ఉంటే తొందర, లేదా గొంతు బిగించడం. వారానికి ఒకసారి చేసి, ఎటు జారిందో క్యాలెండర్ మీద రాసుకోండి. నెల తిరిగేసరికి పాప సమస్య ఏమిటో టీచరుకు మాటల్లో చెప్పగలుగుతారు.

స్వరస్థానాల్లో, తొలి పాఠాలు నేర్పే మాయామాళవగౌళ రాగానికి ఉన్న ఇబ్బందులు దాదాపు అందరు పిల్లల్లోనూ ఒక్కటే. ఇది పదిహేనో మేళకర్త (మూల రాగం): శుద్ధ రిషభం, అంతర గాంధారం, శుద్ధ మధ్యమం, శుద్ధ ధైవతం, కాకలి నిషాదం. షడ్జమానికి రిషభం దగ్గర, రిషభానికి గాంధారం దూరం. పంచమం, ధైవతం, నిషాదాల మధ్యా ఇదే అమరిక. ఈ దగ్గర దూరాలు చెవికి స్పష్టంగా తెలుస్తాయి కాబట్టే పురందరదాసు మొదటి పాఠాలకు దీన్ని ఎంచుకున్నాడని చెబుతారు. పిల్లలు ఆ పెద్ద ఖాళీ దాటలేక రిషభాన్ని కొంచెం పైకి, గాంధారాన్ని కొంచెం కిందికి లాగి మధ్యలో రాజీపడతారు. దిగేటప్పుడు ధైవతం పైకి తేలిపోతుంది. మందు: స రి స, స గ స, స మ స అని ప్రతిసారీ షడ్జమానికి తిరిగి వచ్చి, ఒక్కో స్వరాన్ని ఎనిమిది అక్షరాలు నిలపడం. 60 వేగంలో అది ఎనిమిది సెకన్లు, పదేళ్ల పిల్ల ఊపిరికి సరిపోతుంది. స్వరం నిలిపినప్పుడు ఊగకూడదు. ఈ దశలో గమకం (స్వరాన్ని ఊపి పలకడం) వద్దు. జంట స్వరాల్లో (స స, రి రి అని ఒక్కో స్వరం రెండుసార్లు) రెండో స్వరాన్ని నొక్కి పలకడం మాత్రం ఇప్పుడే రావాలి, స్ఫురితం అనే గమకం అక్కడే మొదలవుతుంది.

ఆకారం పాడించండి. వచ్చిన అలంకారాన్నే స్వరాల పేర్లు లేకుండా 'ఆ' తో. పేర్లు తీసేసేసరికి సగంమంది పిల్లలకు స్వరం ఎక్కడుందో తెలియదు, అంటే ఇన్నాళ్లూ పాడింది పేర్లే. ఇందులో రెండు తప్పులు ముఖ్యం. ఒకటి, స్వరం మారిన ప్రతిసారీ 'హ హ హ' అని గాలితో తోయడం. నోటి ముందు అరచెయ్యి పెట్టి పాడిస్తే గాలి తగలడం పాపకే తెలుస్తుంది. రెండు, ముక్కుతో పాడటం. పాడుతుండగా రెండు వేళ్లతో ముక్కు మూయండి. నాదం మారకపోతే సరే, మారితే ముక్కుతో పాడుతున్నట్టే. మొదట్లో ముక్కు మూస్తే నవ్వుతారు, రెండు రోజులకు అలవాటవుతుంది.

రోజుకు నలభై ఐదు నిమిషాలు చాలు, కానీ రోజూ. మన ఎండలకు పొద్దున ఐదున్నర, ఆరు మధ్య మొదలుపెట్టడం మేలు. మొదటి పది నిమిషాలు మంద్రస్థాయిలో, గట్టిగా కాకుండా, స ని ద ప నిలుపుతూ. పై స్థాయి ఆ వేళప్పుడు వద్దు. తర్వాత పావుగంట సరళీ, జంట, దాటులో ఏదో ఒకటి మూడు కాలాల్లో, పది నిమిషాలు అలంకారం, మిగిలింది ఆకారం. ఆదివారం మాత్రం సాధన బదులు ఫోనులో రికార్డు చేసి, పాపనే విని తప్పులు చెప్పమనండి. పెద్దవాళ్లు చెబితే ఏడ్చే పిల్లలు కూడా తమ రికార్డింగులో తామే పట్టుకుంటారు.

గొంతు విషయంలో మన ఇళ్లలో నడిచే నమ్మకాలు చాలా ఉన్నాయి. మిరియాలు, పటికబెల్లం, అతిమధురం చప్పరిస్తే నోరు తడిగా ఉంటుంది, గొంతు వెనక హాయిగా ఉంటుంది, అంతవరకే. మింగేది ఏదీ స్వరతంతువులకు తగలదు, అది వేరే దారిలో పోతుంది. తంతువులకు తడి అందేది రోజంతా తాగే నీళ్ల వల్లే. ఎండాకాలంలో బడికి నీళ్ల సీసా తప్పనిసరి. చేసే హాని కూడా తిండి నేరుగా చేసేది కాదు, పుల్లటి తేపుల రూపంలో కింద నుంచి వస్తుంది. పొద్దున ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్న వెంటనే పాడితే ఎవరికైనా గొంతు మంటే. తిండికీ సాధనకూ రెండు గంటల ఎడం, రాత్రి భోజనానికీ పడకకూ అంతే. ఊరిబిండి కారం మాన్పించక్కర్లేదు, సమయం చూసుకుంటే చాలు. కూలరు గాలి మొహానికి సూటిగా తగలకుండా తిప్పండి. మాటిమాటికీ ఖళ్లు ఖళ్లుమని గొంతు సవరించుకోవడం మాన్పించి, ఒక గుక్క నీళ్లు తాగమనండి. బొంగురుపోయినప్పుడు గుసగుసగా మాట్లాడించడం కూడా మంచిది కాదు, మౌనమే మేలు. శ్రుతి తగ్గించి, పది రోజులు పై స్థాయి ఆపి చూడండి. జలుబు లేకుండా మూడు వారాలకు మించి బొంగురు నిలిచిపోతే కడపలోనో కర్నూలులోనో చెవి ముక్కు గొంతు డాక్టరుకు తప్పక చూపించండి. ఆటలో అరిచే పిల్లలకు తంతువుల మీద చిన్న కాయలు రావడం అరుదు కాదు. పిల్లల్లో అవి చాలావరకు విశ్రాంతి, వాక్ చికిత్సలతోనే తగ్గుతాయి.

గొంతు శాస్త్రం, సంగీతం రెండూ ఒకే మనిషికి తెలిసిన ఉదాహరణ మనకు దగ్గర్లోనే ఉంది. డాక్టర్ శ్రీపాద పినాకపాణి (1913–2013) కర్నూలు వైద్య కళాశాలలో పనిచేసి, ఆ ఊళ్లోనే స్థిరపడ్డారు. నేదునూరి కృష్ణమూర్తి, వోలేటి వెంకటేశ్వర్లు, నూకల చినసత్యనారాయణ ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లే. సంగతులను (ఒకే పాదాన్ని మార్చి మార్చి పాడే తీరులను) గమకాలు కనపడేలా స్వరపరిచి రాసిపెట్టారు కూడా. చెన్నై వెళ్తేనే సంగీతం అనుకునేవాళ్లకు కర్నూలు సంగతి గుర్తుచేయాలి. పాపకు ఇప్పుడు చెన్నై అక్కర్లేదు. వర్ణాలు నాలుగైదు రెండు కాలాల్లో తాళంతో నిలిచాక, రాగాలాపన మొదలయ్యే వేళకు ఆలోచించండి. మామూలుగా అలంకారాల తర్వాత మలహరి రాగంలో పిళ్లారి గీతాలనే చిన్న పాటలు, తర్వాత ఒకటి రెండు స్వరజతులు, మొదలుపెట్టిన మూడో ఏడు చివర్లో మొదటి వర్ణం అనుకోవచ్చు. కచేరీ మాట పదేళ్ల తర్వాతిది.

టీచరు సంగతి. మూడు విషయాలు గమనించండి: ప్రతి పిల్లనూ క్లాసులో ఒక్కసారైనా ఒంటరిగా పాడిస్తున్నారా, తంబూరా మోగుతూనే ఉంటుందా, తప్పు స్వరం దగ్గర ఆపి అక్కడే దిద్దుతున్నారా లేక చివరిదాకా పాడించి 'ఇంకా సాధన చెయ్యి' అంటున్నారా. మూడూ ఉంటే ఆ మనిషిని వదులుకోవద్దు. లేనిది ఒంటరిగా పాడించడమే అయితే, నెలకు ఒకటి రెండు విడి క్లాసులు అడగండి. కొత్త పాఠం లేదని పాపకు విసుగ్గా ఉంటే, అవే అలంకారాలను శంకరాభరణంలో, కల్యాణిలో, మోహనంలో పాడించమని కోరండి. పాపకు కొత్త రుచి తగులుతుంది, పాఠం మాత్రం పాతదే. మోహనంలో మధ్యమం, నిషాదం ఉండవు కాబట్టి వరసలను మార్చి కట్టుకోవాలి, అదీ మంచి కసరత్తే.

పక్కింటి పిల్ల పది కీర్తనల గురించి వ్యాఖ్యానించను. ఒక్కటి తీసుకుని, తంబూరా పెట్టి, పైన చెప్పిన శ్రుతి పరీక్ష చేయండి, మీకే తెలుస్తుంది. ఆన్‌లైన్ క్లాసు చెడ్డదేం కాదు గానీ దానికి రెండు జాగ్రత్తలు కావాలి. శబ్దం కొంత ఆలస్యంగా చేరుతుంది కాబట్టి గురువూ శిష్యురాలూ కలిసి పాడటం కుదరదు. గురువు పాడి ఆపాక పిల్ల తాళం వేసుకుంటూ పాడాలి. రెండోది, క్లాసు జరిగే వీడియో కాల్ యాప్‌లు ఆపకుండా మోగే తంబూరాను ఫ్యాను మోత లాంటి రొద అనుకుని తుడిచేస్తాయి, నిలిపిన స్వరాన్ని కూడా మధ్యలో మింగేస్తాయి. సెట్టింగుల్లో 'ఒరిజినల్ సౌండ్' అన్నది వేసుకోకపోతే, గురువు దిద్దేది పిల్ల గొంతును కాదు, యాప్ మిగిల్చినదాన్ని.

బాబును మాన్పించకండి. గొంతు మారే ఆ నెలల్లో, ఒక్కోసారి ఏడాది పైన కూడా పడుతుంది, పై స్థాయి పూర్తిగా ఆపాలి. ఐదులో పాడేవాణ్ణి పట్టుబట్టి ఐదులోనే ఉంచడం వల్లే చాలామంది మగపిల్లలు ఈ వయసులో పాట వదిలేస్తారు. రెండు మూడు వారాలకోసారి సుఖంగా పలికే షడ్జమం ఎక్కడుందో వెతికి, శ్రుతిని దానితోపాటు దించుకుంటూ పోండి. చివరికి ఒకటి, ఒకటిన్నర దగ్గర నిలుస్తుంది. మధ్యలో ఒక వారం రెండు స్వరాలు అసలు పలకకపోవచ్చు, కంగారు వద్దు. రోజుకు పావుగంట మించి పాడించకుండా, ఆ సమయాన్ని తాళానికి ఇవ్వండి. సప్త తాళాలు, వాటి ఐదు జాతులతో ముప్పై ఐదు, చేతితో వేస్తూ నోటితో లెక్క చెప్పడం. ఊళ్లో మృదంగం నేర్పేవాళ్లుంటే ఇంతకన్నా మంచి సమయం దొరకదు.

పోటీ. అడగొచ్చు, ఒక్క కీర్తనకు. అన్నమయ్య (1408–1503) మనవాడే, రాజంపేట దగ్గరి తాళ్లపాక. ఒకటి తెలుసుకోండి: తిరుమలలో దొరికిన రాగిరేకుల మీద రాగం పేరు ఉంది, స్వరం లేదు. ఇవాళ మనం పాడే వరసలు చాలావరకు ఇరవయ్యో శతాబ్దంలో కట్టినవి. అనంతపురం జిల్లాకు చెందిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ (1893–1979) అందులో తొలివరసలోని వారు, తర్వాత నేదునూరి వంటివారు. కాబట్టి ఒకే కీర్తన రెండు రాగాల్లో వినపడితే ఒకటి తప్పని కాదు. టీచరు ఏ వరస నేర్పితే అదే ఉంచండి, యూట్యూబులో విన్న ఇంకో వరసలోని సంగతులు తెచ్చి కలపొద్దు. పల్లవి, ఒక చరణం చాలు. మధ్యస్థాయి దాటి తార షడ్జమం కన్నా పైకి ఎక్కువసార్లు వెళ్లని కీర్తన, ఆదితాళంలో. తెలుగు పిల్ల కాబట్టి ముందు సాహిత్యాన్ని మాటలుగా చదివించి అర్థం చెప్పండి, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో పెన్సిలుతో గీయండి. మాట మధ్యలో ఊపిరి తీస్తే న్యాయనిర్ణేతలు వెంటనే పట్టుకుంటారు.

పోటీ రోజు పొద్దున కీర్తనను రెండుసార్లకు మించి పాడించొద్దు. పేరు రాయించేటప్పుడే కీబోర్డు వాయించేవారికి పాప శ్రుతి ఎంతో చెప్పండి. చెప్పకపోతే ముందు పాడిన పిల్ల శ్రుతిలోనే ఉంచేస్తారు. మీ స్పీకరు, తంబూరా యాప్ ఉన్న ఫోను చార్జింగుతో వెంట తీసుకెళ్లండి. హాలు బయట పాపకు ఒక్క నిమిషం తంబూరా వినిపించి, షడ్జమం, పంచమం మాత్రం పలికించి లోపలికి పంపండి.